చెరువు కింది పిల్లలు మా బడికి వచ్చిన ఏడు

1993 జూన్. నెల్లూరు జిల్లా ఆత్మకూరు నుంచి ఉదయగిరి పోయే రోడ్డు మీద ఒక ఊళ్ళో, కథోలిక్ మిషన్ బడిలో నేను ఒకటో తరగతి టీచర్ని. మాది ఎయిడెడ్ స్కూలు. అంటే బడి నడిపేది చర్చి, మా జీతాలిచ్చేది ప్రభుత్వం. పిల్లల సంఖ్యను మేం స్ట్రెంగ్త్ అంటాం. అది తగ్గితే ఒక పోస్టు సర్‌ప్లస్ అవుతుంది, ఆ టీచర్ని వేరే బడికి పంపేస్తారు. అందరికన్నా జూనియర్ని నేనే కాబట్టి, స్ట్రెంగ్త్ అన్న మాట వింటేనే నాకు గుండె దడ.

అప్పటికి ఆత్మకూరులో ఇంగ్లీషు మీడియం బడులు ఒకటొకటిగా వెలుస్తున్నాయి. పొద్దున్నే జీపు వచ్చి, టైలు కట్టిన పిల్లల్ని ఎక్కించుకుని పోయేది. సిస్టర్ల నీడైనా పడని ఆ బడుల్ని జనం ‘కాన్వెంటు’ అనేవాళ్ళు. నిజంగా సిస్టర్లు నడిపే మాది మాత్రం ‘మిషన్ బడి’. మా తరగతుల్లో బల్లలు ఖాళీ అవుతూ వచ్చాయి.

హెడ్‌మిస్ట్రెస్ సిస్టర్ ఫిలోమినా గుంటూరు వైపు మనిషి. ఆ ఏడు నన్ను వెంటబెట్టుకుని, పిల్లల్ని పంపమని అడగడానికి ఇల్లిల్లూ తిరిగింది. మా బడిలోనే చదివిన లారీ డ్రైవర్ మస్తానయ్య మాకు మంచం వాల్చి, మజ్జిగ ఇచ్చాడు.

“సిస్టరమ్మా, నాకు నాలుగక్షరాలు వచ్చినాయంటే మీ చలవే. కానీ మద్రాసు పోయి బోర్డులు చదవలేక బిత్తరపోతా ఉండా. నా కొడుక్కి ఆ గతి వద్దు” అన్నాడు.

మా బడి మీద ఆయనకు కోపం లేదు. ఉన్నా బాగుండేది, ఏదో ఒకటి సర్దిచెప్పి వచ్చేవాళ్ళం.

తిరిగి వస్తుంటే సిస్టర్ చెరువు కట్ట మీద ఆగింది. కట్ట కింద యానాదుల గుడిసెలు. చేపలు పట్టుకోవడం, కూలికి పోవడం వాళ్ళ బతుకు. అక్కడ పిల్లలు వల చిక్కు తీస్తున్నారు.

“వీళ్ళెప్పుడూ మన బడికి రాలేదా?”

“పిలిచినవాళ్ళు లేరు సిస్టర్” అన్నాను.

ఆ గుడిసెలకు పెద్ద పోలమ్మవ్వ. మేం వచ్చిన పని చెబితే, చేపలు తోముతూ తలెత్తకుండానే అడిగింది.

“ఏంది అయ్యోరమ్మా, ఇన్నేళ్ళకు దోవ తెలిసిందా? మా పిల్లకాయల కోసం వచ్చినారా, మీ బడి ఖాళీ అయిందని వచ్చినారా?”

నేనేదో చెప్పబోతుంటే సిస్టర్ చెయ్యి పట్టుకుని ఆపింది.

“ఖాళీ అయిందనే వచ్చామమ్మా. ఎప్పుడో రావలసింది, రాలేదు.”

అవ్వ చేపను తట్టలో పడేసి, అప్పుడు సిస్టర్ ముఖంలోకి చూసింది.

“నిజం చెప్పినావు. పంపిస్తా. అయితే మా వాళ్ళని ఎడంగా కూర్చోబెట్టినారంటే, ఆ పూటే వచ్చి తోలుకపోతా.”

ఎవర్నీ ఎడంగా కూర్చోబెట్టబోమని సిస్టర్ మాటిచ్చింది. ఆమె పక్కనే నిలబడి నేనూ ఇచ్చాను.

సోమవారం పిల్లలు వచ్చారు. పోలమ్మవ్వ మనవరాలు చెంచమ్మకు తలుపు మూస్తే ఏడుపు. అందుకని తలుపు బార్లా తీసే పాఠం చెప్పేదాన్ని. వాన జల్లు లోపలికి కొట్టినా అంతే.

ఆ వారంలోనే ఊళ్ళోవాళ్ళు కొందరు ఆఫీసు గదికి వచ్చారు.

“వాళ్ళ పక్కన మా పిల్లకాయలు కూర్చోవాలా? వాళ్ళనన్నా పంపించేయండి, మమ్మల్నన్నా పొమ్మనండి.”

బడి వ్యవహారాలు చూసే ఫాదర్ని కరస్పాండెంట్ అంటారు. మా ఫాదర్ మెత్తని మనిషి. వాళ్ళు వెళ్ళాక మమ్మల్ని పిలిచి, “కొన్నాళ్ళు వాళ్ళను వరండాలో వేరుగా కూర్చోబెడదాం. బడి అంటూ నిలిస్తేనే కదా, వీళ్ళకైనా వాళ్ళకైనా చదువు!” అన్నాడు.

ఆ మాట కొట్టిపారేయదగ్గది కాదు. తరగతి నాది కాబట్టి ఇద్దరూ నా వైపే చూశారు. ఆ వచ్చినవాళ్ళు పిల్లల్ని మానిపిస్తే ముందు పోయేది నా పోస్టే. మా ఆయనకు అప్పుడు నిలకడైన పని కూడా లేదు.

“ఆ అవ్వకు మాటిచ్చి వచ్చాం ఫాదర్. లేచి వరండాలోకి పొమ్మని ఆ పిల్లలకు నేను చెప్పలేను.”

“నేనూ చెప్పలేను” అంది సిస్టర్.

“సరే. వాళ్ళతో నేనే మాట్లాడతాను” అన్నాడు ఫాదర్. అన్నట్టే ఇల్లిల్లూ తిరిగాడు. కొందరు గొణుక్కుంటూనే పిల్లల్ని ఉంచారు. ఎక్కువమంది జీపెక్కించారు.

మేం నింపబోయిన బడి ఇంకా ఖాళీ అయింది. మరుసటేడు నా పోస్టు సర్‌ప్లస్ అయి, సంగం దగ్గరి మిషన్ బడికి వేశారు. బస్సెక్కించడానికి సిస్టర్ వచ్చింది. “నీకు అన్యాయం చేశానా?” అని అడిగింది. “లేదు సిస్టర్. ఆ రోజు నాకు భయమేసింది, అంతే” అన్నాను.

చెంచమ్మ అక్కడే ఐదో తరగతి పూర్తి చేసింది. ఆ గుడిసెల్లో అంతవరకు చదివినవాళ్ళు అంతకుముందు లేరు. తర్వాత సిస్టరే ఆత్మకూరు హాస్టల్లో చేర్చింది. ఒకసారి ఆత్మకూరు బస్టాండులో ఎదురుపడి, “అయ్యోరమ్మా, మా చెల్లెలు గూడా పోతా ఉండాది బడికి” అని చెప్పింది.

మిషన్ బడుల భవిష్యత్తు ఏమిటని మీటింగుల్లో అడుగుతుంటారు. కొడుక్కి ఇంగ్లీషు కావాలన్న తండ్రిని తప్పుపట్టలేను. కానీ బడి ఖాళీ అయ్యాక వెతుక్కుంటూ పోతే, మనం ఎందుకొచ్చామో ఎదుటివాళ్ళకు తెలిసిపోతుంది. బయట మిగిలిపోయిందెవరో బడి నిండుగా ఉన్నప్పుడే చూసుకోవాలి. సంగంలో నా తరగతి కిటకిటలాడేది. అయినా చేరిన మొదటి ఆదివారం, చర్చిలో పూజ కాగానే పెన్న ఒడ్డు యానాదుల గుడిసెల వైపు నడిచాను.