మా ఇంటి పాలపొడి డబ్బా

మా చిన్నప్పుడు... మదనపల్లెలో మా మామ ఇంట్లో పొద్దున్నే రెండు గిన్నెలు పొయ్యి మీద కాగేవి. ఒకదాంట్లో పాలాయన పోసిన ఆవుపాలు... అవి మామకి, అత్తకి, వాళ్ల కొడుకులకి. రెండోదాంట్లో పాలపొడి కలిపిన నీళ్లు... అవి అమ్మకి, నాకు.

నాన్న పోయాక పుంగనూరులో ఇల్లు ఖాళీ చేసి, అమ్మ నన్ను తీసుకుని వాళ్లన్న ఇంటికి వచ్చేసింది. మామకి టమోటా మార్కెట్లో కాయలు వేలం వేసే కమీషన్ మండీ ఉండేది. ఆ ఏడాది ధర పడిపోయి, రైతులు కాయలు రోడ్డు పక్కనే పారబోసి పోయారు. ఇంటి ఖర్చు తగ్గించాలని అత్త పాలు సగం మాన్పించి, అంగట్లో విడిగా అమ్మే పాలపొడి తెప్పించింది. వీధంతా ఆమె పొదుపును మెచ్చుకుంది. ఆ పొదుపు ఎవరి గ్లాసులో జరుగుతోందో ఎవరూ అడగలేదు.

అమ్మ పట్టుదారం తీసే రీలింగ్ షెడ్డులో పనికి పోయేది. వేడినీళ్లలో పట్టుగూళ్లు తిప్పి తిప్పి ఆమె వేళ్లు ఎప్పుడూ తెల్లగా నాని ఉండేవి. ఆ వేళ్లతోనే నా పాలల్లో ఉండలు చిదిమి ఇచ్చేది. జీతం మాత్రం అత్త చేతికి పోయేది.

ఆ పాలు నాకు సయించేవి కావు. కానీ పొడి... ఉత్త పొడి నోట్లో వేసుకుంటే అంగిట్లో అతుక్కుని మెల్లగా, తియ్యగా కరిగేది. తిన్నవాళ్లకి తెలుసు ఆ రుచి.

ఒక మధ్యాహ్నం అత్త నా పెదాల మీద తెలుపు చూసింది. కొట్టలేదు, అరవలేదు. వాకిట్లో మెట్టు మీద కూర్చోబెట్టి, డబ్బా తెచ్చి, గరిటెతో నోట్లో పోసింది.

"తిను పాపా... ఆశ తీరా తిను," అంది, గోరుముద్దలు పెట్టేటంత నెమ్మదిగా.

నోరంతా పిండి కట్టింది. ఊపిరి తీస్తే ముక్కులోకి పోయింది. నీళ్ల కోసం చెయ్యి చాపితే చెంబు అవతలకి జరిపింది. కిటికీలోంచి బావలు నవ్వుతున్నారు. ఎదురింటామె వచ్చి నీళ్లివ్వమంటే, దొంగబుద్ధి ముదిరితే నువ్వు బాగుచేస్తావా అని అత్త అడిగింది. ఆమె తల దించుకుని వెళ్లిపోయింది. మామ వరండాలో పేపరు చదువుతున్నాడు... పేజీ తిప్పిన చప్పుడు నాకు వినిపించింది.

అప్పుడే అమ్మ వచ్చింది. పరుగున వచ్చి నా నోట్లో వేలు పెట్టి ముద్దంతా తీసింది. నీళ్లు తాగించింది. నేను ఆమె భుజం మీదే కక్కుకున్నాను. అప్పుడు మామ వైపు తిరిగింది.

"అన్నా, నువ్వు ఈడనే ఉండావు కదా?"

"ఆడోళ్ల యవ్వారం. నన్ను లాగొద్దు," అన్నాడు మామ.

పోయేదుంటే పొమ్మని, మళ్లీ ఈ గడప తొక్కొద్దని అత్త చెప్పింది. ఆ సాయంత్రమే మేము షెడ్డు వెనక గదిలోకి మారాం. ఉడికిన పట్టుపురుగుల వాసనలో చాలాకాలం బెల్లం వేసిన ఉత్త డికాషనే తాగాం... కానీ ఆ గదిలో అందరి గ్లాసుల్లోనూ ఒకటే ఉండేది.

ఏళ్లు గడిచాయి. కుప్పంలో నా పెళ్లి. ఎంతైనా తోడబుట్టినవాడని అమ్మే వెళ్లి మామను పిలిచింది. భోజనాల బంతిలో నాకూ మా ఆయనకూ ఎదుటి వరుసలో మామ, అత్త కూర్చున్నారు. అత్త తన పక్కనే కూర్చున్న మా అత్తగారితో నవ్వుతూ మొదలుపెట్టింది.

"మీ కోడలికి పాలపొడంటే పిచ్చి. ఒగసారి నోటినిండా పోస్తే కండ్లు తేలేసింది, సూడాల."

బంతంతా నవ్వింది. మా ఆయన కూడా నవ్వాడు. నేనూ నవ్వబోయాను... రాలేదు.

సాంబారు వడ్డిస్తున్న అమ్మ బకెట్టు కింద పెట్టింది. "ఆ పొద్దు నా బిడ్డ సచ్చిపోయుంటే కూడా నువ్వు ఇట్టనే నవ్వుతా చెప్తాంటివి వదినా," అంది.

అత్త ఆకు వైపు చూసింది. మామ మాత్రం తల ఎత్తకుండా, అన్నంలో గుంట చేసి, సాంబారు పొయ్యమన్నట్టు చెయ్యి చూపించాడు.

అమ్మ పోసింది. అదే చివరిసారి. ఆ తర్వాత ఆ ఇంటి మంచికీ చెడ్డకీ ఆమె పోలేదు.

ఇప్పుడు అందరూ ఎవరింట్లో వాళ్లు ఉంటున్నారు... అందరం కలిసి ఒకే ఇంట్లో ఉన్న ఆ రోజులే వేరని చాలామంది ఈ గ్రూపులో రాస్తుంటారు. నిజమే... ఆ రోజులు వేరు.

మీ ఇంట్లో మీ వంతు గ్లాసులో ఏ పాలు ఉండేవో... మీరూ రాయండి.