రాజుల మొకాలకు బొట్లు

యూనివర్సిటీల పాత నాణేలు పెట్టే రూము ఒకటున్నది. నా పెనిమిటి ఆ డిపార్ట్‌మెంట్లనే అటెండర్. ఆయన పోయినంక ఆ నౌకరి నాకిచ్చిన్రు, ఆ రూము తాళంచెవి గూడ నాకే ఇచ్చిన్రు. నాకు చదువు రాదు. నేను చెప్తుంటే మా చిన్నబిడ్డె రాస్తున్నది.

ఆ రూముల రోము రాజుల వెండి నాణేలు నలభై ఉన్నయ్. ఎన్కట రోము దేశపోళ్ళు ఓడలల్ల వచ్చి మన మిరియాలు, బట్టలు కొనుక్కపోయెటోళ్ళట. గట్ల వచ్చిన నాణేలు నల్లగొండ దిక్కు పొలం దున్నుతుంటే కుండల దొరికినయట. ఒక్కో నాణేనికి అట్ట ట్రేల ఒక గుంత, గుంత కింద ఒక చీటీ. ఏ రాజు, ఎంత బరువు అని చీటీల ఉంటది. చీటీ నాకు తెల్వది గాని మొకాలు తెలుసు. రోజూ దుమ్ము దులుపుడే గదా.

ఎక్కువ ఇద్దరు రాజులయే. ఒకాయన నాణెం తిప్పితే ఎన్క ఇద్దరు పిలగాండ్లు డాళ్ళు పెట్టుకొని నిలవడుంటరు. ఇంకొకాయనకు ఎన్క ఒక ఆడమనిషి కుర్చీల కూసుంటది. పేర్లు నా నోటికి తిరగవు. ఇద్దరు పిల్లల రాజు, కుర్చీలమ్మ రాజు అని నేనే పెట్టుకున్న. అప్పట్ల వెండి అసలుదా కాదా అని మొకం మీద గాటు పెట్టి చూసెటోళ్ళట. ఒకదానికి చెంప మీద గాటు, ఒకదానికి మెడ మీద. ఆ గాట్లే నాకు గుర్తు.

మొన్న దసరా సెలవులకు ముందు ఆఫీసుల ఆయుధపూజ చేసిన్రు. మా క్లర్కు సారుది కడప దిక్కు. కంప్యూటర్లకు, ప్రింటరుకు, బీరువాలకు ఆయననే బొట్లు పెట్టిండు. నాకేమనిపించిందంటే, బీరువాకు పెట్టి లోపలున్న రాజులను ఇడిచిపెడ్తరా? ఆ నాణేల లెక్క చూసుకునే మా పాఠాల మేడం మీటింగుకు పోయింది. నేను నాణేలన్ని గుంతలకెల్లి తీసి తాంబాలంల పోసిన. ఒక్కొక్కదానికి ఇంత గంధం, ఇంత కుంకుమ పెట్టిన. చుట్టు బంతిపూలు పేర్సిన. మస్తు కళగ ఉన్నది.

క్లర్కు సారు వచ్చి చూసి, "ఏమ్మే, మొగుడు లేనిదానివి, నువ్వు పెట్టినావా బొట్లు?" అన్నడు.

"ఆళ్ళ పెండ్లాలు మాత్రం ఉన్నరా సారూ? అందరు పోయినోళ్ళే. మాకు మాకు నడుస్తది" అన్న.

అంతల మేడం వచ్చింది. మేడంది గుంటూరు. కోపమొస్తే గొంతు ఇంకా తగ్గుతది, అదే నాకు భయం. తాంబాలం చూసి కుర్చీల కూలవడ్డది.

"ఏం చేశావమ్మా. ఏది ఏ గుంతలోదో ఇప్పుడెలా తెలుస్తుంది? ఒక్కోటీ తూచాలి, కొలవాలి. నా సెలవులన్నీ దీనికే." క్లర్కు సారు దిక్కు తిరిగి, "ఈ గది తాళం ఇకనుంచి మీ దగ్గరే ఉంచండి" అన్నది.

ఆ రూము పోతే నాకు మిగిలేటివి వరండాలు, బాత్రూములు. రాజుల మొకాలు చూడకుంట నేనేం పని జేస్త?

"మేడం, నేను పెడ్త. ఎవలు ఏడుండెనో నాకెరుక."

"నలభయ్యా?"

"మీ క్లాసు పిల్లల మొకాలు మీకెరుకుండయా?"

మేడం మెత్తటి కుంచెతోని బొట్టు తుడిచి ఇచ్చుడు, నేను గుంతల పెట్టుడు. పెట్టినదాన్ని మేడం తూచి చీటీ చూసుడు. చెంప గాటాయన మూడో వరుస. ముక్కు అరిగినాయన మూలకు. "ఒగటన్నా తప్పు పోతాదేమోనని చూస్తాండా" అని క్లర్కు సారు నిలవడ్డడు. ఇరవై దాటినంక కుర్చీ గుంజుకొని కూసున్నడు. రెండు తప్పు పోయినయ్. కుర్చీలమ్మ రాజులల్ల రెండు కవలల లెక్కున్నయ్, వాటిని అటిటు పెట్టిన.

ఆఖరుకు ఒక్కటి చేతుల ఉంచుకున్న.

"దీని గుంత గిదే మేడం. గాని ఇది ఆ దేశపోళ్ళు చేసింది కాదు."

"చీటీలో రోమ్ అనే ఉందే?"

"చేసినోనికి అక్షరం రాదు. మొకం చుట్టు రాతలు చూడుండ్రి. నేను సంతకం గిట్లనే పెడ్త. రాసుడు కాదు, చూసి గీస్త. తెల్వనోళ్ళకు గీత ఏడ ఆపాల్నో ఎరుకుండది."

మేడం ఇంకో నాణెం దాని పక్కన పెట్టి భూతద్దంల చానసేపు చూసింది.

"అక్షరాలే కాదివి, ఉత్త గీతలు. ఇక్కడి కంసాలి ఎవరో వాళ్ళది చూసి చేశాడు. పాత చీటీ తప్పమ్మా" అని మేడం నవ్వింది. కొత్త చీటీ రాసింది. సెలవులు మిగిలినయ్ గదా, ఆ నవ్వు ఆగలే. "గుమ్మడికాయకు పెట్టుకో బొట్టు, వీటికి మాత్రం వద్దు" అని చెప్పి తాళం నాకు ఇప్పించింది.

"నీ రాజులు నీకేలే తల్లీ" అన్నడు క్లర్కు సారు.

తార్నాక దాకా నడుసుకుంటనే వచ్చిన. మెట్రో కింద బండి కాడ మిర్చిబజ్జీలు తీసుకున్న. నాణెం చేసిన ఆ అవుసలాయన సంగతే మతిలున్నది. చదువు రాకున్నా రాజు మొకం ముంగట పెట్టుకొని దైర్నంగ గీసిండు. ఎవలన్న చదువొచ్చినోడు గిదేం అక్షరమని అడిగితే ఏం చెప్పిండో ఏమో. నాకు నవ్వాగలేదు.

"ఏమైంది పెద్దమ్మా, కారమా?" అన్నడు బండాయన.

"కాదు గాని, ఇంకో రెండెయ్యి" అన్న.