పసుపు కుంకుమ పెట్టిన పెట్రోలు డబ్బా

మొన్న మాఘమాసంలో కొత్త కోడలికి పెట్టవలసిన నగ తీసుకోవడానికని మా అక్క ప్రొద్దుటూరు వచ్చి, పోతూ పోతూ నన్నూ కారులో ఎక్కించుకుంది. కొత్త కోడలంటే అక్క మనవడి భార్య. ఆ సాయంత్రమే ఆ పిల్ల సింహాద్రిపురం దగ్గర అక్కవాళ్ళ ఇంట్లో మొదటిసారి అడుగుపెట్టాలి, పెద్దదిక్కుగా అక్క గడపలో నిలబడి ఉండాలి. అక్క పెద్దకొడుకు కారు నడుపుతున్నాడు. ముద్దనూరు దాటినాక బంకులో ఆగితే, మా ముందర ఒకాయన నీళ్ళ సీసా పట్టుకుని అందులో పెట్రోలు పొయ్యమని బతిమాలుతున్నాడు, బంకులో పనిచేసే అమ్మాయి కుదరదంటోంది. నేనైతే చూసి ఊరుకుందును. మా అక్క ఊరుకునే ఘటమా? మోకాళ్ళు పట్టేసి ఎవరైనా చెయ్యి పట్టుకుంటే తప్ప కారు దిగలేని మనిషి, అద్దం దించి బంకంతా వినపడేటట్టు కేక వేసింది.

"సీసాలో వద్దు నాయనా! ఈ ఎండకు అది ఉబ్బుతాది. బండి యాడ ఆగిపోయిందో చెప్పు, మావాడొచ్చి తోస్తాడు."

మావాడు నా వైపొకసారి దీనంగా చూసి దిగిపోయాడు. వాళ్ళిద్దరూ చెమటలు కక్కుకుంటూ ఆ బండిని బంకు దాకా తోసుకొచ్చేవరకు మేము కార్లో కూర్చోక తప్పలేదు. కోడలు వచ్చే వేళ దగ్గరపడుతుంటే ఈమెకు ఊరి పెత్తనాలెందుకని నాకు ఒళ్ళు మండింది గానీ, లోపల్లోపల నవ్వు కూడా వచ్చింది, ఎందుకంటే పెట్రోలును చూసి మా అక్క కేక వేయడం అది మొదటిసారి కాదు. మొదటి కేక తన పెండ్లికి ముందురోజే వేసింది.

మాది పెద్దముడియం పక్క పల్లె. మా చిన్నాయన వేలంలో కొన్న పాత పెట్రోలు జీపు ఒకటుండేది, చుట్టుపక్కల పెండ్లిళ్ళకూ ఆసుపత్రులకూ అదే దిక్కు. మన కాలం వాళ్ళకు కొత్తగా చెప్పేదేముంది, ఇప్పట్లాగా అడుగడుగునా బంకులెక్కడివి? జమ్మలమడుగులో పోయించుకుంటే మళ్ళీ పులివెందుల దాకా చుక్క దొరికేది కాదు, పైగా ఆ జీపు నీళ్ళు తాగినట్టు తాగేది. అందుకని దూరప్రయాణమంటే చాలు, చిన్నాయన ఖాళీ అయిన శెనక్కాయ నూనె డబ్బాలో పెట్రోలు పోయించి, మూతికి గుడ్డ చుట్టిన చెక్క బిరడా బిగించి, మనుషుల కాళ్ళ మధ్యనే పెట్టేవాడు. జీపు కుదిపినప్పుడల్లా ఆ గుడ్డ తడిసి, వాసనకు మా అందరికీ కడుపులో తిప్పేది. అందరికంటే ఎక్కువ అక్కకే. జీపెక్కిన ప్రతిసారీ వాంతి చేసుకునేది పాపం. మనుషుల్ని గుర్తుపట్టినంత సులభంగా ఆ వాసనను గుర్తుపట్టేది.

మా వైపు అప్పట్లో పెండ్లి మగపెండ్లివాళ్ళ ఇంట్లో జరిగేది. ఆడపిల్లను తీసుకుని సారెతో సహా ముందురోజే బయలుదేరాలి. జీపు నిండా సారె సర్దినారు, పెండ్లికూతురు ఎక్కబోతోంది, అప్పుడు మా నాయనమ్మ, మేము జేజి అంటాము, ఆమె కంట్లో పడింది ఆ డబ్బా. ప్రయాణానికి నూనె ఎదురైతే ఎంత అరిష్టమో మీకు తెలియనిది కాదు. జేజి జీపుకు అడ్డం నిలబడి, పెండ్లికూతురి ముందర నూనె డబ్బా పెట్టుకోని యాడికి పోతాండావురా అని చిన్నాయన మీద విరుచుకుపడింది. అందులో ఉండేది నూనె కాదు తల్లీ పెట్రోలు అని ఆయన మొత్తుకుంటే, డబ్బా నూనెదేగదా అంటుంది. డబ్బా వదిలిపెట్టి పోతే జీపు దారిలో నిలబడుతుంది, తీసుకుపోతే జేజి కదలనివ్వదు. చివరకు మధ్యేమార్గం ఆమే కనిపెట్టింది. ఆ డబ్బాకు నాలుగువైపులా పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, మెడకు మామిడాకులు కట్టి, ఇంక దీనికి దోషం లేదు పదండి అని దిగ్విజయంగా పక్కకు తప్పుకుంది. అందరం హమ్మయ్య అనుకున్నాము.

పెన్న దాటి, అక్క రెండు మూడుచోట్ల దిగి వాంతి చేసుకుని, ఎట్లనో పొద్దు వాలకముందే చేరినాము. హారతులిచ్చి కాళ్ళు కడిగి లోపలికి పిలుచుకుపోయినారు. చిన్నాయన జీపు అడుగున దూరి ఏదో బిగించుకుంటుండగా, వాళ్ళింటి ఆడవాళ్ళు పసుపు కుంకుమలు ఉన్న ప్రతి వస్తువునూ సారె అనుకుని దించుకుపోయినారు. బియ్యం, బెల్లం, నెయ్యి, వాటితోపాటే డబ్బా. వాళ్ళ తప్పేముంది? పసుపు పూసి మామిడాకులు కట్టిన డబ్బాను సారె కాదని ఎవరనుకుంటారు!

ఆ ఇంట్లో ఆచారమేమంటే, పెండ్లికూతురు రాగానే దేవుని గూట్లో కొత్త ప్రమిద ముట్టించాలి. పెండ్లికొడుకు పెద్దమ్మ ఆ డబ్బా చూసి, చూడండి ఎంత మర్యాదస్తులో, దీపానికి నూనె గూడా పంపినారని మురిసిపోయి, అందులోనుంచే ప్రమిద నింపింది. ఆమెకు పడిశెం పట్టి ముక్కు మూసుకుపోయి ఉంది. మిగిలిన డబ్బాను వడలు వేసే బాణలి దగ్గరికి, అంటే పెరట్లో మండుతున్న పొయ్యిల దగ్గరికి తీసుకుపొమ్మని పురమాయించింది కూడా. చిన్న గది, గుమ్మం నిండా ఆడవాళ్ళు, చంకల్లో పసిబిడ్డలు. పెద్దమ్మ అగ్గిపెట్టె తీసింది.

అక్క తల వంచుకుని ఉంది. కొత్త పెండ్లికూతురు తలెత్తకూడదు, నోరు విప్పకూడదు, బండెక్కే ముందు మా అమ్మ చెప్పిన బుద్ధులన్నీ అవే. ఒక్క మాట తూలితే పెండ్లి ఆగిపోయిన ఇండ్లు మాకు తెలుసు. ఆమె పక్కనే నిలబడి ఉన్న నాకు వాసన తగిలింది గానీ, జీపు వాసన ఇంకా బట్టల్లో ఉందేమో అనుకున్నాను. అక్క చెయ్యి నా చేతిని ఒక్కసారి గట్టిగా పట్టుకుంది.

"గీయాకండి అత్తా! అగ్గిపుల్ల గీయాకండి! అది పెట్రోలు!"

పెద్దమ్మ చేతిలో పుల్ల అట్లనే ఆగింది. వెనకనుంచి ఎవరో, కాలు పెట్టకముందే నోరు లేచిందే అని గొణిగినారు. మా అమ్మ ముఖంలో నెత్తురుచుక్క లేదు. అప్పుడు అక్క అత్తగారు జనాన్ని తోసుకుంటూ వచ్చి, ప్రమిదలో వేలు ముంచి వాసన చూసి, ఆ వేలు అట్లనే పట్టుకుని పెద్దమ్మ వైపు తిరిగింది.

"నోరుండే కోడలు వచ్చింది గాబట్టి ఇల్లు నిలబడింది. ఈ పిల్ల గమ్మునుండింటే ఈపాటికి అందరం బూడిదే."

ఆ తరువాత ఏమి జరిగిందో ఎంత చెప్పినా తక్కువే. పెరట్లో పొయ్యిలు ఆర్పించినారు, తలుపులు బార్లా తీసినారు, చిన్నాయన డబ్బాను పొయ్యిల దారిలోనే అందుకుని దూరంగా చీనీతోటలోకి పరిగెత్తినాడు, వచ్చి అరుగు మీద కూలబడి ఏడ్చినాడు. అత్తగారు మాత్రం శాంతంగా తమ గానుగ నూనె తెప్పించి, వేరే ప్రమిదలో పోసి, ముందు అక్క ముక్కు దగ్గర పెట్టింది. నువ్వు చూసి చెప్తేనే ముట్టిస్తాము అంది. అక్క వణికే గొంతుతో, "నూనే, ముట్టించండి" అంది. నాకు ఇప్పుడు తలచుకున్నా కళ్ళల్లో నీళ్ళు తిరుగుతాయి.

చిన్నాయన ఊరికి రాగానే నూనె డబ్బాల జోలికి పోవడం మానేసినాడు. మరమూత గట్టిగా బిగిసే ఇనప క్యాను సంపాదించి, దానికి ఎర్రరంగు వేయించి, జీపు వెనక బయటి పక్కన పట్టీలతో కట్టించినాడు. దాన్ని ఎప్పుడూ మెడ దాకా నింపేవాడు కాదు. మన ఎండలకు లోపల పెట్రోలు పొంగుతుంది, దానికీ ఊపిరాడే చోటుండాలి అనేవాడు. బంకులో క్యాను దించి నేలమీద పెట్టి పోయించేవాడు. దారిలో జీపు ఆగితే ఇంజను చల్లబడనిచ్చి, మమ్మల్ని అందరినీ చెట్టు కిందికి తోలి, బీడీ తాగేవాళ్ళను ఇంకా దూరం తరిమి, అప్పుడు మూత తీసేవాడు. ఊరు చేరినాక మిగిలిందంతా ట్యాంకులో పోసేయవలసిందే, ఇంట్లో చుక్క నిలవ ఉండడానికి వీల్లేదు. జేజి మాత్రం ఆ క్యాను చుట్టూ ఒకసారి తిరిగి చూసి, ఎరుపు కుంకమ రంగేలే, ఇంక నేను పెట్టే పనిలేదు అంది. తొలికాన్పుకు అక్కను పుట్టింటికి తీసుకొచ్చే రోజు, మిట్టమధ్యాహ్నం మనిషి జాడలేని చోట జీపు నిలబడిపోతే, మమ్మల్ని ఇంటికి చేర్చింది ఆ ఎర్ర క్యానే.

మొన్న మేము చేరేసరికి కొత్త జంట ముందే వచ్చి వాకిట్లో కాచుకుని ఉంది. వాళ్ళు వచ్చిన కారు బ్యాటరీదట, దానికి పెట్రోలే అక్కర్లేదట. అక్కను దించి గూటి దగ్గరికి నడిపించినాము. ప్రమిదలో నూనె పోసి కొత్త కోడలి ముక్కు దగ్గర పెట్టింది అక్క. ఆ ఇంటికి ఆ రోజు తరువాత వచ్చిన కోడళ్ళందరూ ఇదే చేసినారు, పట్నంలో చదివిన ఈ పిల్ల కూడా చేసింది. వాసన చూసి, నవ్వు ఆపుకోలేక, ఇదెందుకవ్వా అని అడిగింది.

కథంతా చెప్దామని నేను నోరు తెరిచినాను, అక్క నా చెయ్యి పట్టుకుని ఆపింది. నన్ను అంత గట్టిగా పట్టుకోవడం ఆ ఇంట్లో అది రెండోసారి.

"ఈ ఇంట్లో మొదటి మాట కోడలిదమ్మా. నూనే అయితే ముట్టించమని చెప్పు, గట్టిగా చెప్పు."

జీపు పాతసామాను వాళ్ళకు పోయింది, చిన్నాయన పోయినాడు, ఆ ఎర్ర క్యాను ఎక్కడ తుప్పు పట్టిందో నాకు తెలియదు. రేపటి పిల్లలకు పెట్రోలు వాసన ఎట్లా ఉంటుందో కూడా తెలియకపోవచ్చు, నాకు అది కొంచెం బెంగగానే ఉంది. కానీ ఆ పిల్ల తలెత్తి, అక్కలాగా వణకకుండా, వీధిలోకి వినపడేటట్టు అంది.

"నూనే! ముట్టించండి!"