చుక్కలంటే ఏ చుక్కలు?

విశాఖపట్నంలో చలి ఉంటుందంటే మా కృష్ణా జిల్లా వాళ్లు నమ్మరు. సముద్రం పక్కన చలేమిటని నవ్వుతారు. పెళ్లై వచ్చేదాకా నేనూ నమ్మలేదు. డిసెంబరులో సాయంత్రం నాలుగు దాటితే హార్బరు మీదుగా ఒక గాలి వస్తుంది. వణికించేంత గాలి కాదు గానీ, మెడ వెనక చల్లటి చెయ్యి వేసినట్టుంటుంది. దానికి స్వెట్టరు అక్కర్లేదు, పల్చటి ఉన్ని శాలువా చాలు. ఆ సంగతి మా అత్తగారు చెప్పారు. చిరుతపులి మచ్చలున్న బట్ట నలుగురిలో ఎలా కట్టుకు తిరగాలో నేర్పింది కూడా ఆవిడే. ఆవిడ ప్రభువు సన్నిధికి వెళ్లాక ఇది రెండో చలికాలం. గాలి తిరిగిన సాయంత్రాల్లో ఆవిడ మాట చెవిలో పడుతున్నట్టే ఉంటుంది.

మామగారు హార్బరులో క్రేను నడిపేవారు. నాకు పెళ్లైన రెండో ఏడు ప్రభువునందు నిద్రించారు. ఆ తర్వాత అత్తయ్యగారు చర్చికి రావడం మానేశారు. విశ్వాసం తగ్గి మానేశారని అనుకోవద్దు. తెల్లవారకముందే లేచి మోకాళ్ల మీద ఉండేవారు. బోధకుడి కూతుర్ని, లేఖనాల మధ్య పెరిగినదాన్ని, అయినా నాకంటే ఆవిడకే ఎక్కువ వాక్యాలు నోటికి వచ్చు. మానడానికి కారణం ఒక్క మాట. గుమ్మంలో కాలు పెట్టగానే ఒకరి తర్వాత ఒకరు వచ్చి రెండు చేతులూ పట్టుకుని "అయ్యో" అనేవారు. మూడు ఆదివారాలు ఓర్చుకున్నారు. నాలుగో ఆదివారం సంచీ కుర్చీలో పెట్టేశారు.

"నానెల్లను. ఒకపాలి బూస్థాపన సేసీసినాం కదా. ఆయన్ని ఇంకెన్నిసార్లు పాతిపెడతారే అమ్మాయ్?"

మా ఆయన స్టీల్‌ప్లాంటులో షిఫ్టుల ఉద్యోగి. చాలా ఆదివారాలు నేనొక్కదాన్నే వెళ్లేదాన్ని. స్త్రీల వైపు మూడో బెంచీలో నా పక్క చోటు ఖాళీగా ఉండేది. అది ఆవిడ ముప్పై ఏళ్లు కూర్చున్న చోటని తెలుసు కాబట్టి ఎవరూ కూర్చునేవారు కాదు. ఆ ఏడాదంతా నేను దేవుణ్ని అడిగింది ఒక్కటే, ఆవిడ మళ్లీ వచ్చి ఆ చోట కూర్చోవాలని.

డిసెంబరు వచ్చింది. అసలు పండక్కి పది రోజుల ముందే సంఘమంతా కూడి చేసుకునే సెమీ క్రిస్మస్ దగ్గర పడింది. స్త్రీల సమాజం పెద్ద వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టింది. అత్తయ్యగారు కూర తరుగుతుంటే పక్కనే కూర్చుని గట్టిగా వినిపించాను.

"వందనాలు అక్కలందరికీ. సెమీ క్రిస్మస్‌కి మన సమాజమోలంతా సుక్కల సీరలు కట్టుకు రావాల. సీర లేకపోతే సుక్కలున్నది ఏదైనా ఏసుకోండి. సుక్కలు మాత్రం కనపడాల!"

ఆవిడ కత్తిపీట పక్కకి జరిపారు. "ఇంకోపాలి పెట్టు," అన్నారు. మళ్లీ పెట్టాను. వంకాయ ముక్కల్ని నీళ్లలో కలిపి, "ఈపాలి అందరూ బట్టలు సూసుకుంతారు. నా మొకం ఎవులు సూత్తారు? ఎల్దాం," అన్నారు.

సంతోషంతో నాకు ఏడుపొకటే తక్కువ. మా వైపు చుక్కల చీరంటే గుండ్రటి బొట్లున్న చీర. ఆవిడకీ చుక్కంటే మచ్చే. ఏ చుక్కలని సమాజం పెద్దను అడగాలని ఇద్దరికీ తోచలేదు. శుక్రవారం ప్రార్థన కూటానికి వెళ్లి ఉంటే తెలిసేది. ఆ శుక్రవారం నాకు జ్వరం.

చేతులు తుడుచుకుని లోపలికి వెళ్లి ట్రంకుపెట్టె లాగారు. కలరా ఉండల వాసనతో ఒక శాలువా బయటికి వచ్చింది. ఇసుక రంగు ఉన్ని మీద ముదురు గోధుమరంగు మచ్చలు. చిరుతపులి ఒంటి మీద ఉన్నట్టే, మధ్యలో కాస్త లేతగా, చుట్టూ విరిగిన గీతలా. మామగారు వన్ టౌన్‌లో ఓడసరుకులమ్మే కొట్లో ముచ్చటపడి కొన్నారట. ఆవిడ ఒక్కసారీ వేసుకోలేదు.

"ఇది కప్పుకెల్తే పాస్టరుగారు దెయ్యం వదిలించీడానికి నూనె రాత్తారన్నాను. ఆయన పడీపడీ నవ్వినాడు," అన్నారు శాలువా దులుపుతూ. ఏడాదిలో మామగారి నవ్వు గురించి ఆవిడ మాట్లాడటం అదే మొదలు.

నాకు మాత్రం భయమేసింది. మా నాన్న సంఘంలో పూల చీరే ఎక్కువ అలంకారం కింద లెక్క. పైగా పాపం ఎంత గట్టిగా అంటుకుంటుందో చెప్పడానికి బైబిల్లో ప్రవక్త చిరుతపులి మచ్చల్నే చూపించాడు కదా. ఆ మాట నసుగుతూ అన్నాను.

"తోటలోంచి బయటికంపీసినప్పుడు ఆ తొలి మొగుడూపెల్లాలకి దేవుడేటి కుట్టిచ్చినాడు?" అని అడిగారు.

"చర్మపు చొక్కాలు."

"మరి? లోకంలో మొట్టమొదటి టైలరు పని ఆయనదే. అదీ తోలుతో. కొలతలైనా తీసుకున్నాడో లేదో."

ఆవిడకి ఆ మాట అనే హక్కుంది. సీతమ్మధారలో ఇరవై ఏళ్లు ఆడవాళ్ల జాకెట్లు కుట్టారు. మామగారు పోయాక మిషను మీద దుప్పటి కప్పేశారు. ఆ పూట దుప్పటి తీసి, చక్రానికి నూనె వేశారు. ఎప్పుడో ఎవరో వదిలేసి వెళ్లిన చిరుత మచ్చల శాటిన్ ముక్క వెతికి, నన్ను నిలబెట్టి కొలతలు తీశారు.

"గాలి తగలకుండా పొడుగు సేతులు, మెడ పైకి. సీర నీ ముదురాకుపచ్చది. దానికి అంచు లేదు, అదే మంచిది."

"పెద్ద అంచున్నది బాగుంటుందేమో అత్తయ్యగారూ."

"పులి ఒక్కతే అరవాల. మిగతాయన్నీ నోరుమూసుకోవాల. అంచొకటి, పులొకటి, గొలుసొకటి అరిత్తే అది సంతయిపోద్ది."

రెండు రోజులు మిషను చప్పుడు చేసింది. నేను వంటింట్లోంచి వింటూ పని చేసుకున్నాను. చంక కుట్టు దగ్గర మచ్చ సగానికి తెగిందని చేతులు విప్పేసి మళ్లీ కుట్టారు. చెయ్యి ఎత్తనిదే కనపడని చోటు కదా అంటే ఒప్పుకోలేదు. "సెయ్యెత్తి స్తోత్రం సెప్పవేటి? అప్పుడు కనపడదా?" అన్నారు.

ఇక తన సంగతి. ఏడాదిగా ఆవిడవి తెల్లచీరలే. శాలువాని తెల్లచీర మీద వేసి అద్దంలో చూసుకుని, "పులి సున్నం డబ్బాలో పడ్డాదే," అని తీసేశారు. మడతల అడుగునుంచి కాఫీ రంగు సాదా చీర తీశారు. శాలువాని ఒళ్లంతా చుట్టుకోలేదు. పొడుగ్గా, జానెడు వెడల్పుగా మడిచి, ఎడమ భుజం మీంచి వేసి ఒక పిన్ను పెట్టారు. చెవులకి చిన్న దిద్దులు తప్ప మరేమీ లేదు. చలికి కప్పుకున్నట్టు ఉండాలి గానీ చూపించడానికి తెచ్చుకున్నట్టు ఉండకూడదట. అరవై దాటిన మనిషి, కాఫీ రంగులో, ఆ ఒక్క మచ్చల పట్టీతో గుమ్మంలో నిలబడ్డారు. ఇప్పుడు ఫోన్లో చలికాలం ఫ్యాషన్లని చెప్పే పిల్లల్ని చూస్తుంటాను. ఆవిడ చెప్పనిది వాళ్లూ చెప్పడం లేదు.

సాయంత్రం ఆటోలో చర్చి మెరక మీదికి వెళ్లాం. ఆవరణలో షామియానా వేశారు. గాలికి గుడ్డ టపటపలాడుతోంది. గేటు దగ్గర దిగి నాలుగడుగులు వేశాక ముందు ఆవిడ ఆగారు, తర్వాత నేను చూశాను.

నీలం చీరల మీద వెండి నక్షత్రాలు. ఎర్రచీరల మీద జరీ నక్షత్రాలు. దొరకనివాళ్లు బంగారురంగు కాగితం ఐదు మూలలుగా కత్తిరించి పైటలకి పిన్నులతో పెట్టుకున్నారు. వేదిక వెనక గుడ్డ మీద తూర్పు దేశపు జ్ఞానులు, వాళ్ల నెత్తిన ఇంత పెద్ద చుక్క. ఆకాశంలో చుక్క.

ఆవిడ చెయ్యి నా మోచేతిని పట్టుకుంది.

"ఏటే అమ్మాయ్. సుక్కలంటే ఆ సుక్కలా?"

"నాకు తెలియదు అత్తయ్యగారూ. నిజంగా తెలియదు."

"ఆటో ఎల్లిపోనాదా? పిలు."

"వచ్చాం కదా, ఒక్క పాట దాకా..."

"పిలవే అంతన్నాను!" పిన్ను తియ్యబోయారు. ఉన్నిలో చిక్కుకుని పిన్ను రాలేదు. ఏడాది ప్రార్థనంతా గేటు దగ్గరే తిరిగి వెళ్లిపోతోందనిపించింది. ఒక్క మెసేజ్ తిరిగి పెట్టి అడిగితే పోయేదానికి నేనే ఇలా చేశానని నన్ను నేను తిట్టుకున్నాను. ఆటో అప్పటికే మలుపు తిరిగింది.

అంతలో ఆవిడ పాత స్నేహితురాలు మమ్మల్ని చూసింది. ఇద్దరూ కలిసి ఒకే పాటల పుస్తకంలో చూసి పాడినవాళ్లు. ఆ స్నేహితురాలి గొంతుకి మైకు అక్కర్లేదు.

"ఓలమ్మో! జూ పార్కు గేటు ఎవులు తీసీసినారే?"

ఆవరణంతా ఇటు తిరిగింది. నేను కళ్లు మూసుకున్నాను.

"నోర్ముయ్యే!" అన్నారు అత్తయ్యగారు. "ముందు నిన్నే తింతాను. నీ కాడ కండున్నాది."

ఎవరో ముందు కిసుక్కుమన్నారు. తర్వాత ఆగలేదు. ఆడవాళ్లంతా చుట్టూ మూగారు. "అక్కా, తల్లి పులి సరే, పిల్ల పులెవరు, కోడలా?" "పొడుగు సేతులు సూడు, ఎంత బాగున్నాయో!" "ముట్టుకోనీ వదినా, నిజం ఉన్నేనా?" ఒకావిడ శాలువా వేళ్లతో నలిపి చూసింది. ఒకావిడ నా జాకెట్టు తిప్పి కుట్టు చూసింది. స్త్రీల సమాజం పెద్ద నెత్తి మీద చెయ్యి పెట్టుకుని, "సుక్కంతే నచ్చత్రమని సెప్పలేదా నాను?" అంటే, "సెప్పలేదు!" అని అందరూ ఆవిడ మీద పడ్డారు. ఆ సందట్లో చేతులు పట్టుకోవడం మర్చిపోయారు. ఒక్కరూ "అయ్యో" అనలేదు. అత్తయ్యగారి చెయ్యి ఎప్పుడో నా మోచేతిని వదిలేసింది, నేను గమనించనేలేదు.

పాటలయ్యాక, దేవుడు చేసిన మేలు నలుగురికీ చెప్పుకునే సాక్ష్యాల వేళ. పాస్టరమ్మగారు వచ్చి అత్తయ్యగారిని మాట్లాడమని అడిగారు. రానంటారనుకున్నాను. లేచి మైకు దగ్గరికి వెళ్లి, భుజం మీద శాలువా సర్దుకున్నారు.

"అందరికీ వందనాలు. ఏడాది రాలేదు. మీరు అయ్యో అంతారని రాలేదు. ఇయ్యాల పులిని సూసి మర్సిపోనారు." నవ్వులు తగ్గేదాకా ఆగారు. "మన పితరుల్లో ఒకాయన మామ కాడ గొర్రెలు కాసినాడు కదా. జీతమేటి కావాలంతే మచ్చలున్నయ్యే ఇమ్మన్నాడు. సాపుగా ఉన్నయ్యి ఎవులైనా తీసుకుంతారు. మచ్చలున్నయ్యే ఆయన వంతు. దేవుడు వాటినే మందలు మందలు సేసినాడు. నా వంతుకీ మచ్చలున్నదే వచ్చినాది. ఆయనిచ్చిందే. స్తోత్రం."

వచ్చి కూర్చున్నారు. ఆ భాగం మీద మా నాన్న గంటసేపు బోధించడం ఎన్నోసార్లు విన్నాను.

ఆ సాయంత్రం సరే. ఆదివారం సంగతేమిటి? ఆ నాలుగు రోజులూ అడగడానికి నోరు రాలేదు. శనివారం రాత్రి తెల్లచీర ఇస్త్రీ చేసి కుర్చీ మీద వెయ్యడం చూశాను. అది రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే బల్ల ఆరాధన ఆదివారం. ఆ రోజు ఆడవాళ్లంతా తెలుపే కడతారు కాబట్టి ఎవరు భర్త పోయినవాళ్లో ఎవరు కాదో తెలియదు. పొద్దున్న నా జడ పూర్తి కాకముందే ఆవిడ చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడ్డారు.

చర్చి మెట్ల దగ్గర యారాడ నుంచి వచ్చే ఒక పెద్దావిడ ఎదురైంది. సెమీ క్రిస్మస్‌కి రాలేదావిడ. రెండు చేతులూ చాచి, "అయ్యో, అక్కా..." అంది.

"అయ్యోలు అయిపోనాయమ్మా," అన్నారు అత్తయ్యగారు ఆ చేతులు పట్టుకుని. "నీ మోకాలెలాగున్నాది?"

ఇద్దరూ మోకాళ్ల గురించి మాట్లాడుకుంటూ లోపలికి నడిచారు. మూడో బెంచీ దగ్గర ఆవిడ నన్ను కాస్త జరగమని, ఆ చోట కూర్చుని, సంచీలోంచి కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"ఎన్నో పాటే?" అన్నారు.

నంబరు చెప్పాను.