ఐదో భాగంలో పక్కసీటు లేదు

మా ఆయన్ని పేటంతా బ్రేకు మాస్టారు అంటారు. పద్దెనిమిదేళ్ళుగా డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతున్నాడు. ఆ కారులో పక్కసీటు ముందు కూడా ఒక బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాళ్ళు గోడ మీదికి పోతుంటే తొక్కడానికి దాన్ని ఈయనకిచ్చారు. ఈయన మాత్రం బస్సులో కూర్చున్నా తొక్కుతాడు, పళ్ళ డాక్టరు కుర్చీలో పడుకున్నా తొక్కుతాడు, టీవీలో ఎవడో సైకిలు మీద మలుపు తిరిగినా తొక్కుతాడు. మా సోఫా ముందు తివాచీకి సరిగ్గా కుడికాలు ఆనేచోట చిల్లు పడింది.

ఇంతటి జాగ్రత్తపరుడికి ఉన్న ఒకే ఒక్క వ్యసనం కారు పందేల వీడియో గేము. పగలంతా ముప్పై దాటనివ్వని పెద్దమనిషి సాయంత్రం ఆరయ్యేసరికి మూడొందల మీద పోతాడు. పోతూ పోతూ మలుపు రాగానే "ఇండికేటర్, ఇండికేటర్" అని గొణుక్కుంటాడు. ఆ గేములో ఇండికేటరే లేదు. ఉండుంటే ప్రపంచ విజేత అయ్యేవాడేమో, పాపం.

ఆ గేము మొదటి భాగం వచ్చినప్పుడు మా అమ్మాయికి ఆరేళ్ళు. ఇద్దరాడితే తెర అడ్డంగా రెండు ముక్కలయ్యేది. పైది ఆయనది, కిందది దానిది. నాలుగు భాగాలూ అలాగే ఒకే సోఫాలో భుజాలు రాసుకుంటూ ఆడారు. క్లాసులో ఎవరితో పోట్లాడిందో, లెక్కల్లో ఎన్ని మార్కులొచ్చాయో, అన్నీ పందెం మధ్యలోనే నాన్న చెవిలో వేసేది. నేను కన్నతల్లిని కదా, నాకు మర్నాడు తెలిసేవి.

ఇప్పుడు దానికి పంతొమ్మిది. ఊరందరికీ నేర్పిన నాన్న నాకు నేర్పడా అంది. నేర్పాడు. అది అక్షరాలా మూడునాళ్ళ ముచ్చటయింది. మూడోరోజు నాలుగురోడ్ల కూడలి దగ్గర పచ్చలైటు పడింది. అది కదిలించింది, ఈయన తొక్కాడు. మళ్ళీ కదిలించింది, మళ్ళీ తొక్కాడు. ఐదోసారికి వెనకున్న బండ్లన్నీ హారన్లు. అమ్మాయి తాళం పీకి ఆయన ఒళ్ళో పడేసి కారు దిగిపోయింది.

"ముక్కూ మొహం తెలీనివాళ్ళనైతే నమ్ముతావు. నేనంటేనే నీ కాలు ఆగదు," అంది. నాన్నతో అదే ఆఖరి మాట. ఏడు వారాలైంది, ఉలుకూ పలుకూ లేదు.

"తప్పయిందని ఒక్కమాట అంటే మీ సొమ్మేం పోయింది?" అన్నాను.

"ఐదో భాగం వస్తోందిగా. అదే వచ్చి కూర్చుంటుంది చూడు."

హవ్వ! పెళ్ళాం మాట కన్నా ప్లాస్టిక్ బిళ్ళ మీద గురి ఎక్కువ.

వచ్చింది. శనివారం పొద్దున్నే డబ్బా విప్పి, రెండో రిమోటు కూడా ఛార్జింగు ఎక్కించి సోఫాలో తన పక్కనే పెట్టాడు. "రిమోటు కాదే, కంట్రోలర్" అని నన్ను సరిదిద్దాడు, అదొక్కటే తక్కువైనట్టు. అమ్మాయి గది తలుపు ఓరగా తెరిచి ఉంది. కాస్త సౌండు పెంచాడు. ఆ తర్వాత ఇద్దరాడే పద్ధతి ఎక్కడుందా అని వెతికాడు. గంటసేపు వెతికాడు. లేదు. ఐదో భాగంలో తెర ముక్కలవదట. ఇద్దరాడాలంటే ఇద్దరికీ వేరే టీవీలు, వేరే మిషన్లు ఉండాలట. ఎవరి గదిలో వాళ్ళు కూర్చుని ఇంటర్నెట్లో కలుసుకోవాలట.

"ఏడు వారాలుగా మనింట్లో జరుగుతున్నది అదేగా, దానికి కొత్త గేమెందుకు?" అన్నాను. ఆయన రెండో రిమోటు తీసి సొరుగులో పెట్టేశాడు. నాకు మొదటిసారి ఆయన మీద జాలేసింది.

మధ్యాహ్నం కంప్యూటరు ముందు కూర్చున్నాడు. నోట్లో నాలుక లేని మనిషి, గేములమ్మే సైటులో తన అభిప్రాయం రాశాడు. రెండు వేళ్ళతో మూడు గంటలు. కింద పేరు: బ్రేకు మాస్టారు.

"పదమూడేళ్ళ అభిమానిగా రాస్తున్నాను. వాన పడితే రోడ్డు మెరుస్తోంది, చాలా సంతోషం. మేఘాలు కూడా బాగున్నాయి, పందెం మానేసి వాటినే చూస్తూ కూర్చోవచ్చు. మలుపు వస్తే కారు దానంతటదే బ్రేకు వేసేసుకుంటోంది. నడిపేవాళ్ళ మీద నమ్మకం లేనప్పుడు వాళ్ళ చేతికి కారెందుకిచ్చినట్టు? నాలుగొందల కార్లు ఇచ్చారు. డ్రైవరుకి టోపీలు ఇచ్చారు. పక్కన కూర్చునే మనిషిని మాత్రం తీసేశారు. ఐదు నక్షత్రాలకి ఒకటి. ఆ ఒక్కటీ వానకి."

వెనక నిలబడి చదివాను. ఏం రాశాడో ఆయనకే తెలిసినట్టు లేదు. నేను రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తాను. గుచ్చడం నాకు అలవాటే, నరం దొరకడమే ఆలస్యం. ఆ పేజీని అమ్మాయి ఫోనుకి పంపించేశాను.

పది నిమిషాల్లో అది హాల్లోకొచ్చింది. ఫోనులో చూస్తూ పైకి చదివింది.

"నడిపేవాళ్ళ మీద నమ్మకం లేనప్పుడు వాళ్ళ చేతికి కారెందుకిచ్చినట్టు? ఇది రాసింది నువ్వేనా నాన్నా?"

ఆయన మొహంలో కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు. "అది... గేము గురించి."

"గేము గురించేనా?"

తివాచీ చిల్లు వంక చూశాడు.

"నమ్మకం లేక కాదు తల్లీ. భయం. వేరేవాళ్ళు గుద్దితే బంపరు పోతుందనుకుంటా. నువ్వు కూర్చుంటే నాకు బంపరు గుర్తుకు రాదు. తప్పు నాదే."

అమ్మాయి ముక్కు ఎగబీల్చింది. "తాళం ఎక్కడ?"

నేనూ వెనకసీట్లో ఎక్కాను, తమాషా వదులుకుంటానా. మాస్టారు పక్కసీట్లో కూర్చుని, బూట్లు విప్పి నా కాళ్ళ దగ్గర పడేశాడు. తర్వాత రెండు కాళ్ళూ పైకి లాక్కుని, సీటు మీద బాసింపట్టు వేసుకుని, దాని మీదే బెల్టు పెట్టుకున్నాడు. పద్దెనిమిదేళ్ళలో ఆ బ్రేకు ఒంటరిగా ఉండటం అదే మొదలు.

అదే కూడలి, అదే లైటు. పచ్చరంగు పడింది, కారు కదిలింది. ఎదురుగా ఒక లారీ. ఆయన తన మోకాళ్ళను రెండు చేతులతో అదిమిపట్టాడు గానీ కాలు దించలేదు. మలుపు దగ్గర మాత్రం నోరు ఆగలేదు.

"ఇండికేటర్."

"వేశాను నాన్నా."

కారు మెత్తగా తిరిగింది. అప్పుడు కిందికి చూసుకున్నాను. నా కుడికాలు ఆయన బూటును నేలకేసి తొక్కిపట్టి ఉంది.