గంగారాం మీద పడిన వాక్యం

2008లో బోధన్ బస్టాండు ఎదురుగా నేను ఇంటర్నెట్ సెంటర్ నడిపేవాణ్ని. హాల్‌టికెట్లు, రిజల్ట్స్, ప్రింటౌట్లు, రోజూ అవే పనులు. ఒక మధ్యాహ్నం చందూర్ వైపు పల్లె నుంచి గంగారాం అనే ముసలాయన, కూతురు లక్ష్మితో కలిసి వచ్చాడు. ఆయన ఆ ఊరి నీరటి. చెరువు తూము తెరిచి పొలాలకు నీళ్లు పంచేవాడు.

"బడి వార్షికోత్సవంల సారు ఊరి చరిత్ర సదివిండన్నా" అంది లక్ష్మి. "బాపు తాగి పండుకుంటే చెరువు తెగిందని అందరి ముంగట సదివిండు. నెట్లకెళ్లి తీసిండంట."

వెతికితే దొరికింది. ఎవరైనా రాయగల, ఎవరైనా దిద్దగల ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వంలో ఆ ఊరికి ఒక పేజీ ఉంది. ఎనభైల్లో చెరువుకు గండి పడింది నీరటి గంగారాం మత్తులో నిద్రపోవడం వల్లేనని అందులో ఒక వాక్యం. హిస్టరీ నొక్కితే ఏ మార్పు ఎవరు చేశారో తెలుస్తుంది. అక్కడ మనిషి పేరు లేదు, ఏదో కంప్యూటర్ నంబరు మాత్రం ఉంది.

గంగారాం తెరవైపు చూడలేదు. "తూము కాడ కట్ట కుంగుతుందని ఆఫీసుల సుట్టు తిరిగి తిరిగి యాష్టకొచ్చిన. గా దినం వానల ఇసుక బస్తాలు మోసిన. గా గండ్లనే నా పెండ్లాం కొట్టుకపోయింది బిడ్డా. నేను తాగి పండుకున్ననా?"

వాక్యం తీసేశాను. మర్నాటికి ఎవరో మళ్లీ పెట్టారు. అది అబద్ధమని ఊరందరికీ తెలుసని ఆ పేజీ చర్చలో రాస్తే, "అందరికీ తెలుసు అనేది ఆధారం కాదు, సోర్స్ చూపండి" అని అక్కడ దిద్దేవాళ్ల జవాబు. సోర్స్ అంటే అచ్చులో ఉన్న రుజువు. మరి మీ వాక్యానికి సోర్స్ ఏదని అడిగాను. అప్పుడు ఒప్పుకుని తీసేశారు.

అంతలో ఒక దినపత్రిక జిల్లా అనుబంధంలో ఆ ఊరి మీద వ్యాసం వచ్చింది. అందులో అదే వాక్యం, పొల్లు పోకుండా. నిజామాబాద్ వెళ్లి విలేకరిని పట్టుకున్నాను.

"ఈ ముచ్చట ఎక్కడిదన్నా?"

"నెట్ల ఉండె. గంతమంది సూసి రాసిందే గదా!"

ఆ వారమే వాక్యం పేజీకి తిరిగొచ్చింది. ఈసారి పక్కన చిన్న అంకె, నొక్కితే ఆ పత్రిక పేరు. సోర్స్ దొరికింది. ఇక తీయడం నా వల్ల కాలేదు.

ఊరివాళ్ల చేత పత్రికకు నిజం చెప్పిద్దామని గంగారాంను వెంటబెట్టుకుని పల్లెకు వెళ్లాను. గండి పడిన రోజు ఆయనతో కలిసి బస్తాలు మోసిన సాయన్న అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"ఏమో తమ్మీ, గప్పటి సంగతి నాకు సక్కగ యాది లేదు" అన్నాడు. "నెట్ల గట్లనే ఉందంట. పేపర్ల గూడ ఒచ్చె. ఊకెనే రాస్తరా?"

గంగారాం ఆ ఎండాకాలమే ఊరు విడిచి, భీమ్‌గల్‌లో లక్ష్మి ఇంటికి వెళ్లిపోయాడు.

పదిమంది రాసేది కాబట్టి పదిమందీ సరిచూసే ఉంటారనుకుంటాం. ఇక్కడ రాసింది ఒక్కడు, మిగతావాళ్లు ఒకరిని చూసి ఒకరు నమ్మారు. పేజీని దిద్దడం ఎలాగో నాకు తెలుసు. కళ్లారా చూసిన సాయన్న మనసులో పడ్డ ఆ వాక్యాన్ని దిద్దడం మాత్రం నాకు చేతకాలేదు.