మునిరామయ్య పిట్టల స్నానం

నగరి ఊళ్ళో మరమగ్గం నేసే మునిరామయ్య పొద్దున్నే స్విచ్చి వేసేవాడు కాదు. ముందు దేవుడికి దండం పెట్టుకుని, ఇత్తడి తట్టలో అర వేలు లోతు నీళ్ళు పోసి పంజరంలో పెట్టేవాడు. నాలుగు లవ్‌బర్డ్స్ అందులో దిగి రెక్కలు విదిలించేవి. ముందురోజు నూలు దుమ్మంతా నీటి మీద తేలేది. అవి ఎండలో ఆరాకే మగ్గం కదిలేది. ఆలస్యమవుతోందని భార్య సిద్ధమ్మ గొణిగితే, తన రొమ్ములో దుమ్ము ఎటూ పోదు, వాటిదన్నా పోనిమ్మని నవ్వేవాడు.

ముప్పై ఏళ్ళ ఆ దుమ్మే కార్తీకంలో ఆయన్ని తిరుపతి ఆస్పత్రికి చేర్చింది. తమ్ముడు ధనంజయ వెంట ఉన్నాడు. ఇంట్లో సిద్ధమ్మ, పిట్టలు, బయట తుపాను ముసురు. శుక్రవారం ఆమె తలంటుకుని, వాటికీ నీళ్ళు పెట్టింది. ఎండ లేదు. తడిసిన పిట్టలు వణుకుతుంటే ఆమె ప్రాణం ఉసూరుమంది. తన బిడ్డలకు చిన్నప్పుడు తలంటాక చేసినట్టే, నిప్పుల మీద సాంబ్రాణి చల్లి పంజరం కింద పెట్టి, పైన పాత చీర కప్పింది. అన్నం వార్చి వచ్చి చీర తీస్తే మూడు పిట్టలు కింద పడి ఉన్నాయి. నాలుగోది నోరు తెరిచి ఎగరొప్పుతోంది.

పక్కింటి కోమలి వచ్చి ఆ మూడింటికీ పసుపు రాసి నందివర్ధనం మొదట్లో పూడ్చింది.

మునిరామయ్య ఇంటికి రాగానే సిద్ధమ్మ అంతా చెప్పేసింది. తిడితే బాగుండునని ఎదురుచూసింది. బిడ్డలనుకున్నావు, అంతే కదా అన్నాడాయన. ఆ తర్వాత ఆమె పంజరం దగ్గరికి పోలేదు. దేవుడి ముందు సాంబ్రాణి కూడా వెయ్యలేదు.

మగ్గం ఆగిపోయింది. ఇక నెలలే అని డాక్టరు ధనంజయతో అన్న మాట ఇంట్లో అందరికీ తెలుసు. అయినా పొద్దున్నే ఆయన గోడ పట్టుకుని తట్ట మోసేవాడు. ఒకనాడు నడవలోనే నీళ్ళు ఒలికి, ఆయాసంతో కూలబడ్డాడు. సిద్ధమ్మ వచ్చి వీపు నిమిరింది. ఊపిరి నిలబడ్డాక ఆయన ఖాళీ తట్ట ఆమె వైపు చాపాడు. ఆమె చేతులు వెనక్కి తీసుకుంది.

"నా చేత్తో వద్దయ్యా. ఉండే ఒగటీ పోతాది."

"పోదు. ఎండ లేని దినం పెట్టొద్దు, అంతే. నేను పొయినాక గూడా నువ్వే పెట్టల్ల. యెవురికీ ఇచ్చేయొద్దు దాన్ని. ఈ ఒక్క పని చేసిపెట్టు సిద్దమ్మా."